పలకరాతి యింటికప్పు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత నెరుగని తెలుగువారుండరు. ఇల్లు కట్టుటలోని శ్రమ యంతయు ఒక యెత్తు. దానిపై కప్పు నిలుపుట మరియొక యెత్తు. గోడ బీటవారినచో పూయవచ్చును. నేల గుంటపడినచో పూడ్చవచ్చును. కప్పు కారినచో గోడయు, నేలయు, ఇంటిలోని బియ్యపు బస్తాలును, పిల్లల పుస్తకములును, తుదకు ఇంటివారి నిద్రయు చెడును. కావున ఇంటికప్పును గూర్చి కొంత తెలిసికొనుట గృహస్థులకే కాదు, రేపటి గృహస్థులగు విద్యార్థులకును అవసరము. మన ప్రాంతమున కానరాని యొక కప్పును గూర్చి ఈ వ్యాసమున వివరింపదలచితిమి. అది పలకరాతి కప్పు.

విద్యార్థులారా! మీ తల్లిదండ్రులు అక్షరములు దిద్దిన పలక మీ యింట నెచ్చటనైన నున్నచో ఒకసారి చేతబట్టి చూడుడు. చుట్టును కొయ్యచట్రము, నడుమ పలుచని నల్లని రాయి. వ్రేలితో కొట్టినచో ఖణిల్లున మ్రోగును. తడిగుడ్డతో తుడిచినచో క్షణములో ఆరిపోవును. నీటిని త్రాగని యీ గుణమే ఆ రాతిని కొన్ని దేశములలో ఇండ్లపై కెక్కించినది.

మేము ఉపాధ్యాయ శిక్షణకై పొరుగున నున్న ఆంధ్రప్రదేశమునకు వెళ్లిన కాలమున, తోడి శిక్షణార్థులతో కూడి మార్కాపురమునకు పోయి పలకల పనిని చూచితిమి. పనివాడు రాతి దిమ్మను ఒడిలోనికి వాల్చుకొని, దాని యంచున సన్నని ఉలి నుంచి సుత్తితో మెల్లగా తట్టెను. బలము చూపలేదు. రాయి పుస్తకము తెరచుకొన్నట్లు రెండుగా విడివడెను. ఆ రెంటిని మరల తట్టగా నాలుగయ్యెను. దేశమున నలుమూలల బడిపిల్లలకు ఒకప్పుడు పలకల నందించిన ఊరది. నోటుపుస్తకములును ప్లాస్టిక్ పలకలును వచ్చిన పిదప ఆ గిరాకి మిక్కిలి తగ్గినది. రాయి యట్లు పొరలుగా ఏల విడివడునను ప్రశ్న నాడే మా మనస్సున నాటుకొనినది.

రాయి పొరలుగా ఏల చీలును?

కోట్ల సంవత్సరముల క్రిందట నదులు మోసికొని వచ్చిన మెత్తని బురద సముద్రపు అడుగున పేరుకొనెను. దానిపై మరికొంత పేరుకొనగా ఆ బరువునకు అడుగుభాగము గట్టిపడి మట్టిరాయి యయ్యెను. పిమ్మట భూమిపొరలు ఒకదానినొకటి నెట్టుకొని పర్వతములు పుట్టినపుడు, ఆ మట్టిరాయి ప్రక్కలనుండి గొప్ప ఒత్తిడికిని వేడికిని లోనయ్యెను. అప్పుడు దానిలోని కంటికి కానరాని అభ్రకము వంటి రేకులన్నియు ఒత్తిడి వచ్చు దిక్కునకు అడ్డముగా, ఒకే వరుసలో నొదిగి నిలిచెను. చీట్లపేకను సర్ది చేత బట్టినట్లు ఆ రేకులన్నియు ఒకే వైపునకు తిరిగియుండుటచేత రాయి ఆ దిక్కున సులభముగా చీలును. పలకరాయి చీలునది ఈ రేకుల వరుసనుబట్టియే కాని, బురద పేరుకొనిన పొరలనుబట్టి కాదు. బురదపొరల వెంట మాత్రమే విడివడు రాయి ఇంకను పూర్తిగా పలకరాయి కాలేదని తెలియవలెను. అట్టిది ఎండకును వానకును త్వరలోనే రేకులు రేకులుగా ఊడును.

ఈ రాయికి లోకప్రసిద్ధమైన చోటు బ్రిటను ద్వీపమునందలి వేల్సు దేశము. అచ్చటి ఉత్తరభాగమున 1898 ప్రాంతమున ఈ పరిశ్రమ ఉచ్చస్థితి నందియుండెను. సుమారు 17,000 మంది పనిచేసి ఏటికి దాదాపు అయిదు లక్షల టన్నుల పలకరాతిని తీయుచుండిరి. ఆ గనులును, గనివారి ఊళ్లును, రాతిని మోసిన చిన్న రైలుదారులును గల ఆ సీమను 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. వేల్సు పలకల కొలతల పేర్లు వినసొంపుగా నుండును. 24 అంగుళముల పొడవు, 12 అంగుళముల వెడల్పు గలది "డచెస్". 20కి 10 గలది "కౌంటెస్". 16కి 8 గలది "లేడీ". ఇవన్నియు గొప్పయింటి స్త్రీల బిరుదులు. పాపము, ఆ రాణులను ఎన్నడును కన్నెత్తి చూడని పేద గనిపనివాని చేతిమీదుగా దినమునకు ఎందరు డచెస్‌లు వెలువడిరో!

ఒక యింటి కథ

పలకరాతి కప్పులను చూచుటకు వేల్సు వరకు పోనక్కరలేదు. మన దేశమున హిమాచలప్రదేశమునందలి కాంగ్రా, చంబా ప్రాంతములలో అవి కలవు. కొన్నియేండ్ల క్రిందట వేసవి సెలవులలో మేము తోడి ఉపాధ్యాయులతో ధర్మశాలకు యాత్ర వెళ్లి, సమీపమున నొక పల్లెలో ఒక వృద్ధుని యింట నాలుగు దినములు బసచేసితిమి. మట్టియిటుకల గోడలు, దేవదారు వాసములు, పైన బూడిదరంగు పలకల కప్పు. ధర్మశాలలో ఏటికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన కురియును. మన గంజాము సీమలో కురియుదానికి అది రెండింతలకు మించినది. అట్టి వానను ఆ కప్పు ఆ వృద్ధుని తాతగారి నాటినుండి మోయుచున్నది.

మేము వెళ్లిననాడు ఆ యింట తండ్రికొడుకులకు వాదము జరుగుచుండెను. కప్పు మూడు నాలుగు చోట్ల కారుచున్నది. వానకాలము నెలదినములలో రానున్నది. రాయి ముసలిదైపోయినదనియు, దానిని పడవేసి రంగురేకులు వేయుదమనియు కొడుకు పట్టుబట్టెను. తండ్రి రాతికి ముసలితనమేమని యడిగెను. అతని మాటలో వట్టి మమకారమే యున్నదా, సత్యమును కలదా యని తెలిసికొనగోరి మేము ఆ నాలుగు దినములును ఆ సంగతినే విచారించితిమి. ఆ వాదము ఎట్లు తీరినదో చెప్పుటకు ముందు, మంచి పలకను ఎంచుకొనుటయు, దానిని పరచు పద్ధతియు తెలుపవలసియున్నది.

మంచి పలకను ఎంచుట

మొదటి పరీక్ష చెవిది. పలకను ఒక చేత వ్రేలాడబట్టి వ్రేలి కణుపుతో కొట్టవలెను. మంచి పలక కంచుపళ్లెము వలె మ్రోగును. బొంగురు చప్పుడు వచ్చినచో లోన బీటయో, మెత్తదనమో కలదని యెరుగవలెను.

రెండవది నీటి పరీక్ష. పలకను బాగుగా ఎండబెట్టి తూచి, రెండు దినములు నీట నుంచి, పైతడి తుడిచి మరల తూచవలెను. అమెరికా దేశపు ప్రమాణముల ప్రకారము ఉత్తమ తరగతి పలక తన బరువులో నూటికి 0.25 వంతునకు మించి నీటిని పీల్చరాదు. అట్టిది 75 ఏండ్లకు పైగా నిలుచునని వారి లెక్క. అనగా 200 గ్రాముల ముక్క నానిన పిమ్మట 200.5 గ్రాములకు మించి తూగరాదు. ఈ ప్రయోగమును పగిలిన పాతపలక ముక్కతో మన పాఠశాల ప్రయోగశాలలోని త్రాసుపై విద్యార్థులు చేసి చూడవచ్చును.

మూడవది ఆమ్ల పరీక్ష. సజల హైడ్రోక్లోరికామ్లపు చుక్క వేసినపుడు బుసబుస పొంగినచో ఆ రాతిలో సున్నము కలదు. అట్టి రాయి పొగల నగరములలో ఆమ్లము కలిసిన వానకు క్రమముగా మెత్తబడును. మనము గచ్చునకు వాడు నల్లని కడపరాయి చూచుటకు పలకవలెనే యుండును గాని అది సున్నపురాయి. రంగు చూచి మోసపోవలదు. ఈ పరీక్ష ఉపాధ్యాయుని యెదుటనే చేయవలెను.

నాలుగవది కంటి పరీక్ష. రాతిలో పసిడివలె మెరయు కణములున్నవేమో చూడవలెను. అవి బంగారము కావు. ఇనుమును గంధకమును కలిసిన ఖనిజము. వానిలో కొన్ని ఏమియు చేయక ఊరకుండును. కొన్ని తడికి త్రుప్పుపట్టి ఎఱ్ఱని చారలు కార్చుచు, తుదకు రాతికి రంధ్రము చేయును. గనినుండి వచ్చిన క్రొత్తపలకను చూచుట చాలదు. అదే గని పలకలతో ఇరువది ముప్పది యేండ్ల క్రిందట వేసిన కప్పును వెదకి చూచుట అన్నిటికంటె నమ్మదగిన పరీక్ష. పెండ్లిసంబంధమునకు పోయినవారు ఇరుగుపొరుగును విచారించినట్లే యిదియు.

పరచు లెక్క

పలకలు పరచుటలో నొక చక్కని గణితము కలదు. రెండు పలకలు ప్రక్కప్రక్కన నున్నపుడు వాని నడుమ సందు తప్పదు. ఆ సందున దిగిన నీరు క్రింది వరుస పలకమీద పడవలెను. అందుకై ప్రతి వరుసను సగము పలక ప్రక్కకు జరిపి పరతురు. అంతే కాదు, ప్రతి పలకయు తన క్రింది వరుసనే కాక, దాని క్రిందనున్న వరుస తలను కూడ కొంత కప్పవలెను. ఈ మూడవ కప్పును "తల అతుకు" అందము. పలక పొడవునుండి తల అతుకును తీసివేసి సగము చేసినచో, బయటికి కనబడు భాగము వచ్చును.

ఉదాహరణము: పలక పొడవు 500 మిల్లీమీటర్లు, వెడల్పు 250, తల అతుకు 100 అనుకొనుడు. 500లో 100 పోగా 400. దానిలో సగము 200. కావున ప్రతి పలకయు 200 మిల్లీమీటర్లు మాత్రమే ఎండవానలకు కనబడును. తక్కిన 300 మరుగున నుండును. కనబడు భాగము 200కి 250. అట్టివి చదరపు మీటరునకు 20 పట్టును. పలక మందము 5 మిల్లీమీటర్లయినచో ఒక్కొక్కటి సుమారు ఒకటి ముప్పాతిక కిలో తూగును. అనగా చదరపు మీటరునకు 35 కిలోలు. పగుళ్లకును కోతలకును నూటికి పది పలకలు అదనముగా కొనవలెను. మిగిలినవానిని దాచియుంచినచో మనుమల కాలమున మరమ్మతుకు అదే రాయి దొరకును.

ఈ బరువును మోయగల గోడయు వాసములును ఉన్నవా యని మున్ముందు చూడవలెను. 1905వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీని కాంగ్రాలో వచ్చిన భూకంపమున సుమారు ఇరువదివేల మంది మరణించిరి. మట్టితో కట్టిన బలహీనమైన గోడలు బరువైన కప్పులను నిలుపలేక కూలుట అందులకొక కారణము. కప్పు బరువైనకొలది గోడలును, వానిని బంధించు కొయ్యకట్టును గట్టిగా నుండవలెను. కప్పునకు వాలును కావలెను. సమతలమైన మేడపై పలకలు పనికిరావు. పెద్దవాన కురియుచోట 30 డిగ్రీలైనను వాలుండుట మేలు. వాలు తగ్గినకొలది తల అతుకును పెంచవలెను.

రాయి కాదు, మేకు

ఇప్పుడు ఆ తండ్రికొడుకుల వాదమునకు వత్తము. మూడవనాడు తండ్రి పొరుగూరినుండి ఒక ముసలి పనివానిని పిలిపించెను. అతడు కొప్పునకు కొక్కెములతో తగిలించిన నిచ్చెన వేసికొని, దానిమీదనే నిలిచి పనిచేసెను. పలకమీద అడుగుపెట్టలేదు. కారుచున్నచోట నాలుగైదు పలకలను తీసి క్రిందికి పంపి, ఒక్కొక్కటిగా కొట్టి వినిపించెను. అన్నియు కంచువలె మ్రోగినవి! పిమ్మట గుప్పిటిలోనివి కొడుకు అరచేతిలో పోసెను. అవి త్రుప్పుపట్టి గడ్డిపోచలవలె సన్నబడిన ఇనుపమేకులు. రాయి తన పని తాను చేయుచునే యున్నది. దానిని పట్టియుంచిన మేకు చచ్చిపోయినది. మేకు తెగిన పలక జారును. జారినచోట నీరు దిగును. నీరు దిగినచోట పట్టె క్రుళ్లును. పట్టె క్రుళ్లిన, ప్రక్క పలకయు జారును.

కొడుకు చాలసేపు మాటలాడలేదు. తుదకు మేకులు ఏ లోహమువి కొనవలెనని మాత్రమడిగెను. వాదము అంతటితో తీరినది. పలకలన్నిటిని దింపి, మ్రోగినవానిని ఒక ప్రక్కకును, బొంగురుపోయినవానిని ఒక ప్రక్కకును పేర్చి, పట్టెలు మార్చి, అదే రాతిని తిరిగి పరచుటకు నిశ్చయించిరి. మేము బయలుదేరునాటికి మ్రోగిన పలకల దొంతర మనిషియెత్తు పెరిగియుండెను. బొంగురువి మోకాలెత్తైనను లేవు.

దీనినుండి నేర్వవలసినది యిది. నూరేండ్ల రాతికి పదియేండ్ల మేకు వేయరాదు. రాగిమేకు లుత్తమము. సముద్రతీరమున ఉప్పుగాలికి పూతపూసిన ఇనుపమేకును త్వరలోనే చెడును. ప్రతి పలకకు రెండేసి మేకులు కావలెను. మేకును బిగియగొట్టరాదు, పలక దానిపై చొక్కా కొక్కెమునకు తగిలినట్లు వ్రేలాడవలెను. బిగియగొట్టినచో పలక పగులును. తలను పైకి వదలినచో మీది పలక ఎత్తుగా నిలుచును.

ఏటేట చేయవలసిన పని

వానకాలమునకు ముందొకసారి, వెనుకనొకసారి కప్పును నేలమీద నిలిచియే శ్రద్ధతో చూడవలెను. జారిన పలక, విరిగిన మూల, కొప్పునందలి సందు దూరమునుండియే కనబడును. వానపడుచుండగా అటకపైకి పోయి చూచినచో తడిమచ్చ కనబడును. అయితే నీరు దిగుచోటును, మచ్చ పడుచోటును ఒకటి కాకపోవచ్చును. వాసము వెంట జారి దూరమున పడుట కలదు.

రెండు వాలులు లోపలి మూలలో కలియుచోటను, కప్పు గోడను తాకుచోటను పరచిన లోహపురేకులను తప్పక చూడవలెను. కారుట పెక్కుసారు లచ్చటనే మొదలగును. చూరుకాలువలో ఆకులు నిలువనీయరాదు. నాచును మెత్తని కుంచెతో తీయవలెనే కాని, గొట్టముతో నీటిని వేగముగా చిమ్మరాదు.

ఒక్క పలక చెడినపుడు కప్పంతయు విప్పనక్కరలేదు. పలుచని కొక్కెపు పనిముట్టును సందున దూర్చి పాత మేకులను తెంపి, చెడిన పలకను లాగివేసి, ఆ చోట రాగిపట్టీని మేకుతో బిగించి, క్రొత్తపలకను పైకి త్రోసి, పట్టీ కొనను పలక అడుగంచుమీదికి మడచినచో చాలును. ఇది నేర్పరి చేయవలసిన పని. తారు పూయుట, సిమెంటు మెత్తుట మాత్రము కూడదు. నేటికి నీరాగినట్లు కనబడును. రేపు ఆ పూతయే లోన దిగిన తడిని ఆరనీయక పట్టెలను క్రుళ్లించును. పూతపడిన పలక మరల వాడుటకును పనికిరాదు.

పలకను కోయునపుడు లేచు దుమ్ము ఊపిరితిత్తులకు తీరని హాని చేయును. నీరు చల్లుచు కోయవలెను. ముక్కునకు తగిన రక్షణ యుండవలెను. పనివాడు అక్కరలేదన్నను ఇంటియజమాని ఈ జాగ్రత్తను వదలరాదు.

మనకు దీనితో నేమి పని?

మన బరంపురమున పలకరాతి కప్పు వేయుడని మేము చెప్పుటలేదు. రాయి దూరము, నేర్పరులును దూరమే. ఇచ్చటి వాతావరణమునకు మన పెంకుటిండ్లు తగినవే. కాని ధర్మశాలలో మేము నేర్చిన పాఠము మన పెంకునకును వర్తించును. 2013వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ రాత్రి గోపాల్‌పూర్ చెంత తీరము దాటిన ఫైలిన్ తుపానును పెద్దలు మరువలేదు. గాలి మొదట పట్టుకొనునది చూరు వరుసను, కొప్పు వరుసను. అచ్చటి పెంకులను తీగతోనో మేకుతోనో కట్టినచో మంచి రక్షణ కలుగును. ఒట్టిగా పేర్చినచో మొదటి పెంకు లేచినచోటనే గాలి లోపలికి దూరి తక్కినవానిని లేపును.

కావున తల్లిదండ్రులకు మా మనవి యిది. కప్పు కారగానే కప్పునంతయు నిందించి పడవేయకుడు. మ్రోగునదెంత, బొంగురుపోయినదెంత యని ముందు వేరుచేయుడు. చెడినది పెంకా, పట్టెయా, తీగయా యని చూచి, చెడినదానినే మార్చుడు. విద్యార్థులారా! మీరు వచ్చు జ్యేష్ఠమాసమున ఒక సాయంకాలము మీ తాతగారిని వెంటబెట్టుకొని వాకిట నిలిచి, మీ యింటికప్పును కొప్పునుండి చూరువరకు వరుసవరుసగా చూడుడు. జారిన పెంకులెన్నో లెక్కవ్రాసి మీ నాన్నగారికి చూపుడు. వానకు ముందు వ్రాసిన ఆ లెక్క మీ యింటికి మేలు చేయును.